చదరంగం గళ్ల కటింగ్ బోర్డు: మొదటి కోత నుంచి చివరి నూనె పూత దాకా

మాంసం కొట్టులో చింతమొద్దును ఎప్పుడైనా పైనుంచి పరిశీలనగా చూశారా? రోజూ దాని మీద వందల కత్తి దెబ్బలు పడతాయి. అయినా మొద్దు నిలువునా చీలిపోదు, కత్తి కూడా అంత తొందరగా మొద్దుబారదు. కారణం చింతచెట్టు గట్టిదనం ఒక్కటే కాదు. ఆ మొద్దు పలకగా కోసింది కాదు. మానును అడ్డంగా నరికి నిలబెట్టింది. చెక్కలోని నార అంతా నిలువుగా ఉండి, దాని కొసలే పైకి కనిపిస్తాయి. చీపురుకట్టను తిరగేసి నిలబెట్టి దాని మీద కత్తి పెడితే ఎలా ఉంటుందో ఊహించండి. కత్తి పుల్లల మధ్యకు దిగుతుంది, తీయగానే పుల్లలు మళ్లీ దగ్గరవుతాయి. అదే పలకను పడుకోబెడితే ప్రతి కోతా నారను అడ్డంగా తెంపుతుంది, గీత అలాగే మిగిలిపోతుంది.

ఇంగ్లీషులో ఎండ్ గ్రెయిన్ అనే ఈ ముఖాన్ని నేను మొద్దు ముఖం అంటాను. ఈ వ్యాసంలో మనం చేయబోయేది అలాంటి మొద్దు ముఖం బోర్డే. కాకపోతే ఒకే దుంగ కాకుండా ముదురు, లేత రంగు చెక్కలు కలిపి చదరంగం బల్లలా గళ్లు తెప్పిస్తాం. కత్తిపీట మీద కూర్చుని తరిగిన ఇళ్లలో కటింగ్ బోర్డుకు పనే ఉండేది కాదు. అది మనకు నిలువు వంటగట్లతో పాటు వచ్చింది. వచ్చినదైనా అందంగా ఉంటే తప్పేముంది?

ముందుగా ఒక సంగతి బుర్రకెక్కాలి. ఈ గళ్లలో ఏ ఒక్కటీ విడిగా కోసి అతికించింది కాదు. తొంభై ఆరు చిన్న ముక్కలు కోసి పేర్చితే ఎంత నేర్పరికైనా మూలలు కలవవు. పోచంపల్లి చీరలో రంగు ఎక్కడ పడాలో నేతకు ముందే, నూలు మీద కట్లు కట్టి తేలుస్తారు కదా, ఇక్కడా అంతే. పొడవాటి పట్టీలను అతికించి పలక చేస్తాం. ఆ పలకను అడ్డంగా బద్దలుగా కోస్తాం. ప్రతి బద్దనూ కోత ముఖం పైకి వచ్చేలా తిప్పి, ఒకటి విడిచి ఒకటి కొసలు మార్చి మళ్లీ అతికిస్తాం. గళ్లు వాటంతట అవే వస్తాయి. రెండు కోతలు, రెండు అతుకులు. ఇందులో ఎక్కడ పిసరంత తేడా కూడా ఒప్పుకోకూడదో, ఎక్కడ చూసీ చూడనట్టు పోవచ్చో తెలిస్తే సగం పని వచ్చేసినట్టే.

లెక్క

పూర్తయిన బోర్డు 420 మి.మీ. పొడవు, 280 మి.మీ. వెడల్పు, సుమారు 34 మి.మీ. మందం. ఒక్కో గడి 35 మి.మీ. అడ్డంగా 8, పొడవునా 12, మొత్తం 96 గళ్లు. బరువు రెండున్నర కిలోల పైనే వస్తుంది కాబట్టి తరిగేటప్పుడు గట్టు మీద జారదు.

అడ్డంగా 8 పట్టీలు కావాలి: నాలుగు ముదురు, నాలుగు లేత. ఇది సరిసంఖ్యే ఎందుకు కావాలో చెబుతాను. బద్దను కొసలు మార్చి తిప్పినప్పుడు ముదురు ఉన్న చోటికి లేత రావాలి. 8 పట్టీల పలకలో ఒక కొస ముదురు, రెండో కొస లేత, కాబట్టి తిప్పగానే రంగులు మారిపోతాయి. 7 పట్టీలైతే రెండు కొసలా ఒకే రంగు ఉంటుంది. ఎన్నిసార్లు తిప్పినా గళ్లు రావు, చారలే వస్తాయి.

ఇక పొడవు. ఒక్కో బద్ద 38 మి.మీ. చొప్పున కోస్తాం, తర్వాత చదును చేసేటప్పుడు నాలుగు మిల్లీమీటర్లు పోతాయి. రంపపు పళ్లు కోతకు 3 మి.మీ. తింటాయి. 12 బద్దలకు తోడు ఒకటి అదనంగా కోస్తే 13 సార్లు 41, అంటే 533 మి.మీ. ముందు కొసను సమంగా కోయడానికీ, ఆఖరి ముక్కను భద్రంగా పట్టుకోవడానికీ కొంత మిగలాలి. అందుకని పట్టీ పొడవు 600 మి.మీ. అనుకోండి. ఆ అదనపు బద్దను పిసినారితనంతో వదిలేయకండి. ఎక్కడో ఒకచోట అక్కరకు వస్తుంది.

అడితిలో అడగాల్సింది ఇది: ఒక్కో రంగులో 165 మి.మీ. వెడల్పు, రెండడుగుల పొడవు, ఒకటిముప్పావు ఇంచు మందం ఉన్న పలక. రెండూ కలిపినా ఘనపుటడుగులో మూడో వంతుకు మించదు. అంత చిన్న బేరానికి అడితివాళ్లు మొహం చిట్లించవచ్చు. తలుపులు, కిటికీలు చేసే వర్క్‌షాపులో మిగులు ముక్కలు అడిగితే తరచూ ఇంకా మంచి సరుకు దొరుకుతుంది.

ఏ కలప?

మా ఇంట్లో రోజూ వాడే బోర్డు టేకు, స్టీమ్ బీచ్ (ఆవిరి పట్టించిన బీచ్ చెక్క) కలిపి చేసింది. టేకు బంగారు గోధుమ రంగు. బీచ్ లేత గులాబీ ఛాయ ఉన్న తెలుపు. బీచ్ మన చెట్టు కాదు, యూరప్ నుంచి వస్తుంది, అయినా నగరాల్లోని పెద్ద అడితిల్లో సులువుగా దొరుకుతుంది. దానికి ఒక చెడ్డగుణం ఉంది: తేమకు టేకు కన్నా ఎక్కువ ఉబ్బుతుంది, ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకే రెండు చెక్కలూ బాగా ఆరినవై ఉండాలి, తయారయ్యాక నూనె అన్ని ముఖాలకూ పట్టాలి.

పాత ఇల్లు పడగొట్టినచోట దొరికే టేకు తలుపులు, దూలాలు నాకు మరీ ఇష్టం. దశాబ్దాలుగా ఆరి ఉంటాయి, చేవ నిండుగా ఉంటుంది. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. మేకులు విరిగి లోపల ఉండిపోతాయి, అయస్కాంతం పెట్టి వెతక్కుండా రంపం దగ్గరికి తీసుకెళ్లకండి. రెండోది రంగు. గృహాలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90, మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండి ఉండవచ్చు. అలాంటి తలుపును ఉప్పుకాగితంతో రుద్ది దుమ్ము చేయడం పిల్లలున్న ఇంట్లో చేయకూడని పని. రంగు ఉన్న పైపొరను మందంగా కోసి పారేసి, లోపలి చేవ మాత్రమే వాడండి.

టేకుతో ఇంకో చిక్కు దానిలోని సహజమైన నూనె. అదే దాన్ని చెదల నుంచీ నీటి నుంచీ కాపాడుతుంది, అదే జిగురును సరిగ్గా పట్టనివ్వదు. అతికించే ముందు ఆ ముఖాన్ని అసిటోన్‌లో తడిపిన తెల్ల గుడ్డతో తుడవాలి. గుడ్డకు పసుపు అంటడం తగ్గేదాకా తుడిచి, ఆరగానే జిగురు వేసేయాలి. రేపు చూద్దాంలే అంటే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. టేకులో ఇసుకలాంటి సిలికా కూడా ఉంటుంది, రంపం పళ్లు తొందరగా అరుగుతాయి.

జిట్రేగి చూడ్డానికి దివ్యంగా ఉంటుంది. కానీ దాని దుమ్ముకు ఒంటి మీద దద్దుర్లు వచ్చేవాళ్లు చాలామంది, జిగురు దగ్గర కూడా టేకులాగే మొరాయిస్తుంది. మొదటి బోర్డుకు వద్దంటాను. ఎర్రచందనం ముక్క ఎవరైనా చవగ్గా ఇస్తానంటే ఆశపడకండి, కథ పోలీస్ స్టేషన్‌లో తేలుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి దూదిలాంటి చెక్క, బొమ్మకు అదే అందం, కత్తి కింద మాత్రం నిలవదు. గన్నేరు విషపు చెట్టు, దాని కర్ర వంటింటికే రాకూడదు. జీడిమామిడికీ దూరంగా ఉండండి, దాని రసం చర్మాన్ని పొక్కిస్తుంది. మామూలు మామిడి పరవాలేదు, కాకపోతే రంగు ఒక్కో పలకకు ఒక్కోలా ఉంటుంది, గళ్లలో తేడా స్పష్టంగా రాదు.

అమెరికాలో గ్యారేజీలో పనిచేసుకునే మనవాళ్లకు ఈ తిప్పలు లేవు. హార్డ్ మేపుల్, వాల్‌నట్, చెర్రీ మూడూ ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. చెక్క గట్టిదనాన్ని కొలిచే జాంకా సంఖ్య మేపుల్‌కు 1450, వాల్‌నట్‌కు 1010, చెర్రీకి 950. ఈ మధ్యలో ఉన్నవి కత్తికీ మంచివే, బోర్డుకూ మంచివే. రెడ్ ఓక్ మాత్రం వద్దు. దాని సన్నటి గొట్టాలు ఒక కొస నుంచి ఇంకో కొసకు తెరుచుకుని ఉంటాయి, చిన్న ముక్కలో నోటితో ఊదితే అవతల గాలి వస్తుంది. మొద్దు ముఖం బోర్డులో పులుసు కూడా అదే దారి పడుతుంది.

చెక్క ఆరిందో లేదో తెలుసుకోవడానికి తేమ మీటరు ఉంటే 8 నుంచి 12 శాతం మధ్య చూపాలి. మీటరు లేకపోతే వంటింటి తక్కెడ చాలు. ఒక ముక్కను ఈరోజు తూచి రాసుకోండి, నీడలో పెట్టి వారం తర్వాత మళ్లీ తూచండి. బరువు తగ్గుతూనే ఉంటే ఇంకా ఆరాలి.

పట్టీలు కోయడం: ఇక్కడే కచ్చితం

పలకలను ముందు చిత్రిక పట్టించి 38 మి.మీ. మందానికి తెచ్చుకోండి. సొంత యంత్రాలు లేకపోతే వర్క్‌షాపులో కూలి ఇచ్చి చేయించుకోవచ్చు, దగ్గర మాత్రం ఉండండి. "సుమారుగా కోసెయ్ బాబాయ్" అనే పనికాదిది.

టేబుల్ రంపం కంచెను, అంటే కొలత కోసం చెక్కను ఆనించే పట్టీని, 35 మి.మీ. దగ్గర బిగించి, ముదురు పట్టీలు నాలుగూ, లేతవి నాలుగూ అదే బిగింపులో కోసేయాలి. మధ్యలో కంచె కదపకూడదు. అన్ని పట్టీలూ 34.6 వచ్చినా నష్టం లేదు. ఒకటి 34.6, ఇంకొకటి 35.2 వస్తేనే కొంప మునుగుతుంది, ఎందుకంటే బద్దను తిప్పినప్పుడు సన్నటి గడి పక్కకు లావు గడి వచ్చి మూలలు తప్పుతాయి. అర మిల్లీమీటరు తేడా కొలబద్దకు కనిపించకపోవచ్చు, చదరంగం గళ్లలో మాత్రం గదికి అటు చివర నుంచి కూడా కనిపిస్తుంది.

రంపం నిజంగా నిట్టనిలువుగా ఉందో లేదో మూలమట్టంతో చూడటం సరిపోదు. ఒక పనికిరాని ముక్కను కోసి, రెండు సగాల్లో ఒకదాన్ని తలకిందులు చేసి కోత ముఖాలు ఆనించండి. పైనో కిందో సందు కనిపిస్తే, అది అసలు తేడాకు రెట్టింపు. ఎంతో కొంత తేడా మిగిలిపోయినా కంగారు లేదు. అతికించేటప్పుడు ఒకటి విడిచి ఒకటి పట్టీని తలకిందులు చేస్తే ఒకదాని వాలు ఇంకొకదాని వాలును చెల్లుబెడుతుంది.

చేతులకు బదులు తోపుడు కర్ర వాడాలి. మాస్కు కూడా పెట్టుకోండి. చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కారకంగా 1995లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. ముక్కుకు తుండు కట్టుకుంటే సరిపోదు, కనీసం ఎన్95 ఉండాలి.

మొదటి అతుకు

జిగురు నీటికి తట్టుకునేది కావాలి. డబ్బా మీద డీ3 లేదా డీ4 అని ఉందో చూడండి, ఇవి నీటిని ఎంతమేరకు ఓర్చుకుంటుందో చెప్పే తరగతులు, డీ4 పై తరగతి. ఆహారానికి తగిలే చోట వాడవచ్చని కూడా రాసి ఉంటే మరీ మంచిది. టైట్‌బాండ్ 3 ఈ రెండు లెక్కల్లోనూ సరిపోతుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఫర్నిచర్‌కు వాడే మామూలు తెల్ల జిగురు ఇక్కడ పనికిరాదు, నాలుగుసార్లు కడగగానే అతుకులు తెరుచుకుంటాయి.

ముందు జిగురు లేకుండా పట్టీలను వరసగా పేర్చి, క్లాంపులు బిగించి చూడండి. చేత్తో నొక్కితేనే సందులు మూసుకుపోవాలి. క్లాంపు బలంతో సందు మూయాలనుకోకండి, ఆ బలవంతం ఎప్పుడో ఒకప్పుడు తిరగబడుతుంది. తర్వాత పలక పైన సుద్దతో పెద్ద త్రిభుజం గీయండి, పట్టీలు కలిసిపోయినా వరస తెలుస్తుంది.

జిగురు రెండు ముఖాలకూ పల్చగా, సమంగా పూయాలి. పట్టీలు జారకుండా నాలుగైదు ఉప్పు రవ్వలు చల్లుతాను, అవి చెక్కలోకి గుచ్చుకుని పట్టు ఇస్తాయి. క్లాంపులు ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి వేస్తే పలక విల్లులా వంగదు. అతుకుల వెంట జిగురు చిన్న చిన్న పూసల్లా బయటికి వస్తే బిగింపు సరిపోయినట్టు. ఆ పూసలను తడిగుడ్డతో తుడవకండి, నీళ్లలో కరిగి చెక్కలోకి ఇంకి తర్వాత నూనె పట్టనివ్వదు. అరగంట, ముప్పావుగంటకు రబ్బరులా అయ్యాక ఉలితో గీకేస్తే సరి. మే నెలలో మన వేడికి జిగురు పది నిమిషాల లోపే తోలు కట్టేస్తుంది. ఆ కాలంలో ఈ పని పొద్దున ఆరింటికే మొదలుపెట్టండి.

రాత్రంతా క్లాంపుల్లోనే ఉండనివ్వండి. పూర్తిగా ఒక రోజు గడిచాకే తర్వాతి కోత.

పలకను చదును చేయడం

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ పలక పై ముఖం, కింది ముఖం రేపు బోర్డులో ఎక్కడా కనిపించవు కదా, ఏదో ఒకలా ఉంటే చాలులే అనుకుంటారు. నిజానికి రేపటి అతుకులు ఇవే. బద్దలను తిప్పి పక్కపక్కన పెట్టినప్పుడు ఒకదానికొకటి ఆనేది ఈ ముఖాలే. ఇందులో ఒక శుభవార్త కూడా ఉంది. ఇవి నార పొడవునా ఉన్న ముఖాలు, జిగురు అన్నిటికన్నా గట్టిగా పట్టేది వీటినే. మొద్దు ముఖం బోర్డు ఊడిపోతుందేమో అని భయపడేవాళ్లు ఈ సంగతి గమనించరు. మొద్దు ముఖాలను మనం అసలు అతికించనే అతికించం.

కాబట్టి పలకను రెండు వైపులా చిత్రిక పట్టించి 35 మి.మీ.కు తెండి. యంత్రమైతే రెండు మూడు విడతలుగా తీయండి. ఒక అంచు 35, ఇంకో అంచు 34.7 వచ్చినా బద్దలు కొసలు మార్చి పెడతాం గనుక ఆ తేడా సర్దుకుంటుంది. పలక మెలిక తిరిగి ఉంటే మాత్రం ఏ సర్దుబాటూ కుదరదు. చదునైన గ్రానైట్ గట్టు మీద పెట్టి మూలలు నొక్కి చూడండి, టకటక కొట్టుకోకూడదు.

అడ్డకోత, రెండో అతుకు

పలక ఒక కొసను సమంగా కోసి, అక్కడి నుంచి 38 మి.మీ. చొప్పున 13 బద్దలు. ఇందుకు జారుడు బల్ల, అంటే స్లెడ్, దాని మీద కొలతకు ఆపే కట్టె కావాలి. కంచెనే ఆపే కట్టెగా వాడి కోస్తే తెగిన బద్ద రంపానికీ కంచెకూ మధ్య ఇరుక్కుని తుపాకీ గుండులా వెనక్కి ఎగురుతుంది. ఈ ఒక్క మాట గట్టిగానే చెబుతున్నాను. ఆ దెబ్బ తిన్నవాళ్లను చూశాను.

ఈ కోత ముఖం ఎలా ఉన్నా తర్వాత చదును చేస్తాం గనుక రంపపు గీతలు పట్టించుకోనక్కర్లేదు. బద్దలన్నీ ఒకే మందంలో ఉంటే రేపటి చాకిరీ తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు సరదా అయిన ఘట్టం. ప్రతి బద్దనూ పావు చుట్టు తిప్పి కోత ముఖం పైకి తెండి. రెండోది, నాలుగోది, ఆరోది అలా కొసలు మార్చండి. చారలుగా ఉన్నది కళ్లముందే గళ్లవుతుంది. మా అబ్బాయిని పిలిచి చూపించేది ఈ ఒక్క క్షణమే. మిగతా పనంతా దుమ్మూ చెమటే. నచ్చిన వరసలో బద్దల మీద అంకెలు వేసేయండి.

పన్నెండూ ఒకేసారి అతికించడానికి ప్రయత్నించకండి. పదకొండు అతుకుల్లో మూలలు కలిపేలోపు జిగురు ఆరిపోతుంది. నాలుగేసి చొప్పున మూడు ముక్కలు చేసి, మర్నాడు ఆ మూడింటినీ కలపండి. బిగించేటప్పుడు మధ్య గీత దగ్గర మూలలు కలిపి అక్కడి నుంచి రెండు వైపులకూ సర్దుకుంటూ పోవాలి. ఒక అంచున కలుపుకుంటూ పోతే తేడా అంతా రెండో అంచున పోగవుతుంది.

మళ్లీ చదును, ఇప్పుడు అసలు చాకిరీ

అతుకు ఆరిన బోర్డు మెట్లు మెట్లుగా ఉంటుంది. దీన్ని చిత్రిక యంత్రంలో పెడదామనిపిస్తుంది, పెట్టకండి. బ్లేడు నారను కొస వైపు నుంచి కొడుతుంది, వెనక అంచు పెచ్చులు పెచ్చులుగా విరిగి లేస్తుంది, అదృష్టం బాగోలేకపోతే బోర్డే ముక్కలై యంత్రంలోంచి వస్తుంది. దారి ఏమిటంటే రౌటర్, అంటే వేగంగా తిరిగే బ్లేడుతో చెక్కను చెక్కే చేతి యంత్రం. బోర్డుకు రెండు పక్కలా ఒకే ఎత్తు పట్టాలు బిగించి, వాటి మీద జారే పెట్టెలో రౌటర్ కూర్చోబెట్టి, ఒక్కో విడతకు మిల్లీమీటరుకు మించకుండా తీసుకుంటూ పోవాలి. అంచులు పెచ్చులూడకుండా ముందే బోర్డు చుట్టూ పనికిరాని కర్రపట్టీలు ఆనించి బిగించండి. రౌటర్ లేకపోతే బెల్ట్ సాండర్, 60 నంబరు కాగితం, ఒక ఆదివారం, బోలెడు ఓపిక.

తర్వాత ఉప్పుకాగితం: 80, 120, 180, చివరికి 220. మొద్దు ముఖం మామూలు పలకకన్నా రెండు మూడు రెట్లు మొండిది. ఒక నంబరు దాటవేస్తే నూనె పూశాక గీతలన్నీ బయటపడతాయి. ప్రతి నంబరుకూ ముందు పెన్సిలుతో బోర్డంతా పిచ్చిగీతలు గీసి, అవి పూర్తిగా పోయేదాకా రుద్దండి. 180 అయ్యాక తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. నార నిక్కబొడుచుకుంటుంది. 220తో దాన్ని రుద్దేసి, ఇంకోసారి తడిపి రుద్దితే మొదటిసారి కడిగినప్పుడు బోర్డు గరుకెక్కదు.

అంచులు మూడు మిల్లీమీటర్లు ఏటవాలుగా తీయండి. కింది వైపు, రెండు చివర్లా వేళ్లు దూరేంత గాడి చెక్కితే ఎత్తడం సులువు. రసం కారడానికి చుట్టూ కాలువ తీయడం చాలామందికి ఇష్టం. నా మటుకు అది గళ్ల అందాన్ని చెడగొడుతుంది, పైగా దాంట్లో మురికి చేరుతుంది.

ఇంకొకటి. గళ్ల బోర్డు చుట్టూ ఫ్రేము కట్టకండి. నా మొదటి బోర్డుకు మోజుపడి టేకు చట్రం బిగించాను. వర్షాకాలంలో గళ్లు ఉబ్బి చట్రం మూలలు తెరిచాయి, వేసవికి గళ్ల మధ్యలో నిలువున పగులు వచ్చింది. నార నిలువుగా ఉన్న బోర్డు పొడవులోనూ, వెడల్పులోనూ రెండు మూడు మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. చట్రం కర్ర తన పొడవున దాదాపు కదలనే కదలదు. కదిలేదాన్ని కదలనిదానితో కట్టేస్తే ఏదో ఒకటి విరగాల్సిందే. కింద అడ్డపట్టీ మేకులతో కొట్టడం కూడా ఇదే తప్పు. నాలుగు రబ్బరు కాళ్లు, వాటికి తుప్పు పట్టని స్క్రూలు చాలు.

నూనె

వంట నూనెలు వద్దు. వేరుశనగ, పొద్దుతిరుగుడు, నువ్వులు, అన్నీ కొన్ని వారాల్లో కనరెక్కి బోర్డు ముక్క వాసన వేస్తుంది. మందుల దుకాణంలో విరేచనానికి అమ్మే లిక్విడ్ పారాఫిన్ తెచ్చుకోండి. రంగు, రుచి, వాసన లేని ఖనిజ తైలమది, పాడవదు. మొదటిసారి బోర్డు తాగినంతా పోయండి, తాగుతూనే ఉంటుంది. రాత్రి పూసి పొద్దున చూస్తే పొడిగా ఉంటుంది. రెండు మూడు రోజులు, అన్ని ముఖాలకూ పూయండి. కింది వైపు వదిలేస్తే పైది ఒకలా, కిందిది ఒకలా తేమ పీల్చి బోర్డు వంగుతుంది.

ఆపై మైనం. ఒక వంతు తేనెమైనం, నాలుగు వంతుల అదే నూనె తూచి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. మైనం సుమారు 63 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నేరుగా మంట మీద పెట్టే అవసరం లేదు. చల్లారిన ముద్దను గుడ్డతో రుద్ది, అరగంట ఆగి మిగిలింది తుడిచేయండి. నీటిచుక్క వేస్తే తామరాకు మీద బిందువులా నిలవాలి. అలా నిలవని రోజు మళ్లీ రుద్దాలని గుర్తు.

వాడుకలో

వాడగానే సబ్బుతో రెండు వైపులా కడిగి, తుడిచి, నిలువుగా నిలబెట్టి ఆరబెట్టండి. సింకులో నానబెట్టడం, డిష్‌వాషర్‌లో వేయడం రెండూ దీనికి చావుదెబ్బలే. చెక్క మీద క్రిములు ఉండిపోతాయి, ప్లాస్టిక్కే శుభ్రం అనేవాళ్లు ఉంటారు. అమెరికాలో డీన్ క్లైవర్ బృందం 1994లో ప్రచురించిన పరిశోధనలో చెక్కలోకి ఇంకిన బ్యాక్టీరియా మళ్లీ పైకి దొరకడం కష్టమైంది, కత్తి గాట్లు పడ్డ ప్లాస్టిక్‌ను చేత్తో శుభ్రం చేయడమే ఇబ్బందైంది. అయినా పచ్చి మాంసానికి వేరే బోర్డు పెట్టుకోవడం నా పద్ధతి.

మన వంటింట్లో అసలు శత్రువు పసుపు. లేత గళ్ల మీద పడితే ముఖానికి పూసినట్టు పట్టేస్తుంది. కంగారుపడి బ్లీచ్ పోయకండి. నిమ్మచెక్కకు ఉప్పు అద్ది రుద్ది, కడిగి, పావుగంట ఎండ చూపించండి. పసుపులోని రంగు ఎండకు నిలవదు, రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది. గంటల తరబడి మాత్రం వదలకండి, బోర్డు వంగుతుంది. ఇక వేసవిలో ఆవకాయ కాయలు టెంకతో సహా దీని మీద నరుకుదామనే ఆలోచన ఎవరికైనా వస్తే, వాళ్లకు చింతమొద్దు ఎక్కడుందో చూపించండి.

చేయి తిరిగాక

గళ్ల బోర్డు ఒకటి చేశాక ఇటుకల గోడ నమూనా సులువుగా వస్తుంది. వెడల్పు పట్టీల మధ్య 3 మి.మీ. లేత చెక్క రేకులు సున్నం గీతల్లా పెట్టి, బద్దలను కొసలు మార్చకుండా సగం ఇటుక పక్కకు జరిపి అతికించాలి.

అసలు ఊరించేది ఘనాల నమూనా. చూస్తే మెట్లు మెట్లుగా పెట్టెలు పేర్చినట్టు కనిపిస్తుంది, చేయి పెడితే చదును. దీనికి మూడు రంగులు కావాలి. రంపాన్ని 30 డిగ్రీలు వంచి, కొస వైపు నుంచి చూస్తే సమచతుర్భుజంలా వాలుగా ఉండే పట్టీలు కోయాలి. నాలుగు పక్కలూ సమానం కావాలంటే పలక మందాన్ని 1.155తో హెచ్చించి ఆ కొలతకు కంచె బిగించాలి. 30 మి.మీ. మందానికి 34.6 వస్తుంది. మూడు రంగుల పట్టీలను వెడల్పాటి మూలలు మధ్యలో కలిసేలా జతచేస్తే ఆరు పలకల కర్ర అవుతుంది. వాలు ముఖాలకు క్లాంపు పట్టదు గనుక చుట్టూ టేపు గట్టిగా చుట్టి ఆరబెట్టండి. ఆరాక దాన్ని బిళ్లలుగా కోసి, అన్నిటిలోనూ ముదురు రంగు ఒకే వైపు ఉండేలా తేనెపట్టులా పేర్చండి. ముదురు నీడ, లేత పైకప్పు, నడిమి రంగు పక్కగోడ. ఒక్క బిళ్ల తిరగబడినా కన్ను అక్కడే చిక్కుకుంటుంది. జిగురు పూసే ముందు ఫోన్‌లో ఫొటో తీసి చూసుకోండి, బల్ల మీద కనిపించని తప్పు ఫొటోలో వెంటనే దొరుకుతుంది.